చేటలాంటి దేశం: తాతలు వెళ్ళిన ‘రంగం’ పటం మీద

మీ తరగతిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల మూలాలున్న పిల్లలు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఒక వారం వాళ్ళకి ఈ చిన్న పని ఇచ్చి చూడండి: “మన ఇంట్లో ఎవరైనా రంగం వెళ్ళారా అని అమ్మమ్మనో, నాన్నమ్మనో, ఫోన్లో తాతగారినో అడిగి రండి.” కొన్ని ఇళ్ళలో ఏమీ రాదు. కొన్ని ఇళ్ళలో మాత్రం తల్లిదండ్రులే ఎప్పుడూ వినని కబుర్లు బయటపడతాయి. ముత్తాత రంగం పోయి తిరిగి రాలేదని ఒకరు, పాత ఇంటి ద్వారబంధాల టేకు అక్కడిదేనని ఒకరు, నడుచుకుంటూ వచ్చారట అని ఇంకొకరు. ఆ ‘నడుచుకుంటూ’ దగ్గర పిల్లలు తప్పకుండా ఆగుతారు. ఎక్కడి నుంచి? ఎంత దూరం? ఓడలో వెళ్ళినవాళ్ళు నడిచి ఎందుకు వచ్చారు?

ఈ ప్రశ్నలకి జవాబు కథలో కంటే పటంలో బాగా దొరుకుతుంది. అందుకే ఈ పాఠాన్ని పటంతోనే మొదలుపెట్టమని నా సలహా. రాష్ట్రాలకి రంగులు వేసిన రాజకీయ పటం కాదు, కొండలు ఎత్తుగా, మైదానాలు పచ్చగా చూపించే భౌతిక పటం తీసుకోండి.

రంగం అంటే రంగూన్, ఇప్పటి పేరు యాంగోన్. దేశం పేరు అప్పుడు బర్మా, 1989 నుంచి మయన్మార్. పాత సంగతులు చెప్పేటప్పుడు బర్మా అనీ, ఇప్పటి సంగతులకి మయన్మార్ అనీ అంటే పిల్లలు గందరగోళపడరు. కాకినాడ మీద స్కేలు పెట్టి తూర్పుకి అడ్డంగా ఒక గీత గీయించండి. బంగాళాఖాతం దాటి ఆ గీత దాదాపు రంగూన్ దగ్గరే తేలుతుంది. రెండు ఊళ్ళూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, మధ్య దూరం పదిహేను వందల కిలోమీటర్లలోపే. కాకినాడ నుంచి ఢిల్లీకి ఉన్న దూరం కంటే ఇది పెద్ద ఎక్కువేమీ కాదు. పొగ ఓడలు వచ్చాక మన తీరం వాళ్ళకి రంగూన్ మూడు నాలుగు రోజుల ప్రయాణం. పైగా 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. అంటే మన ముత్తాతలు విదేశం వెళ్ళలేదు, అదే ప్రభుత్వం కింద ఉన్న ఇంకో ఒడ్డుకి వెళ్ళారు. ఇది పిల్లలకి స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే తరవాత జరిగిన చాలా సంగతులు ఈ ఒక్క విషయం నుంచే పుట్టాయి.

ఇక దేశం ఆకారం. పుస్తకాల్లో గుర్రపు లాడం అంటారు. నాకు మాత్రం అది బియ్యం చెరిగే చేటలాగే కనిపిస్తుంది. మూడు వైపులా అంచు లేచి ఉంటుంది, ఒక వైపు తెరిచి ఉంటుంది. పడమర అరకాన్ యోమా, చిన్ కొండలు, నాగా కొండలు. ఉత్తరాన హిమాలయాల కొస, అక్కడే 5,881 మీటర్ల ఖకాబో రాజీ శిఖరం. తూర్పున షాన్ పీఠభూమి, సగటున వెయ్యి మీటర్ల ఎత్తు. మధ్యలో పల్లం. చేట నోరు దక్షిణాన సముద్రం వైపు. కుడి అంచు చివర నుంచి కిందికి తోకలా వేలాడే సన్నటి తీరం తెనాసరిమ్. మన పిల్లల్లో చాలామంది చేట చూసి ఉండరు. ఇంట్లో ఉంటే తీసుకురండి, లేకపోతే చెత్త ఎత్తే డస్ట్‌పాన్ అయినా పనికొస్తుంది. ఒకసారి చేతిలో పెట్టి తిప్పి చూపిస్తే చాలు, ఇక ఆ దేశం మర్చిపోరు. పరిమాణం అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: సుమారు 6,76,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే ఎంతో దానికి దాదాపు రెండున్నర రెట్లు.

ఈ చేట మధ్యగా పైనుంచి కిందికి పారే నది ఐరావతి. ఉత్తరాన కచిన్ కొండల్లో రెండు పాయలు కలిసిన చోట మొదలై, మాండలే పక్కగా వచ్చి, చింద్విన్‌ని కలుపుకుని, సుమారు రెండు వేల కిలోమీటర్లు ప్రయాణించి సముద్రంలో కలుస్తుంది. మన గోదావరి 1,465 కిలోమీటర్లు. షాన్ కొండల్ని చీల్చుకుంటూ వచ్చే సాల్వీన్ ఇంకా పొడవైనది. కానీ అది లోతైన లోయల్లో ఉరుకుతూ వస్తుంది, దాని ఒడ్డున పెద్ద రాజ్యాలు వెలవలేదు. ఐరావతి మీద పడవలు చాలా దూరం పైకి వెళ్ళగలవు. బర్మా రాజుల చరిత్ర అంతా దాదాపుగా ఈ నది ఒడ్డుదే.

ఆ రాజ్యాలు వెలసింది ఎక్కడో అడగండి. నీళ్ళు బాగా ఉన్న డెల్టాలో అని పిల్లలు అంటారు, మనకీ అలాగే అనిపిస్తుంది. నిజానికి వెలసింది ఎండ మండే నడిమి భాగంలో. నైరుతి మేఘాలు అరకాన్ యోమాకి తగిలి పడమటి తీరాన కుండపోతగా కురుస్తాయి, కొండ దాటేసరికి నీళ్ళు ఉండవు. తీరంలో ఏడాదికి ఐదు వేల మిల్లీమీటర్ల దాకా వాన పడితే, నడిమి మెట్ట ప్రాంతంలో వెయ్యి కూడా పడదు. తాటిచెట్లు, నువ్వులు, వేరుశనగ, తాటిబెల్లం. రాయలసీమ నుంచి వచ్చిన తల్లిదండ్రులకి ఆ ఫొటోలు చూపిస్తే మన ఊరే అంటారు. 1044లో అనవ్రహ్త రాజు గద్దెనెక్కిన పగాన్ ఇక్కడే, ఆ తరవాతి రాజధానులు అవా, అమరపుర, మాండలే కూడా ఇక్కడే. చుట్టుపక్కల క్యౌక్సే లాంటి చోట్ల కొండ కాలవలకి ఆనకట్టలు కట్టి వరి పండించుకున్నారు. మన పెద్దల నోట ‘బర్మా షెల్’ అన్న మాట విని ఉంటారు కదా, 1976లో ప్రభుత్వపరమైన పెట్రోలు కంపెనీ. ఆ పేరులోని బర్మాకి మూలం కూడా ఈ మెట్ట ప్రాంతమే, ఐరావతి ఒడ్డున యెనాంగ్యౌంగ్ నూనెబావులు.

డెల్టా మాత్రం అప్పటికి అడవి, చిత్తడి, దోమలు, జ్వరాలు. ఊళ్ళు ఉండేవి కానీ పలచగా ఉండేవి. దాని తలరాత మార్చింది బ్రిటిష్‌వాళ్ళు. వాళ్ళు బర్మాని మూడు యుద్ధాల్లో తీసుకున్నారు, అదీ చేట నోటి వైపు నుంచి. 1824-26 యుద్ధంలో రెండు చివరల తీరాలు, అరకాన్, తెనాసరిమ్. 1852లో డెల్టాతో సహా దిగువ బర్మా. 1885 నవంబరులో మాండలే. చివరి రాజు థిబాని మహారాష్ట్ర తీరంలోని రత్నగిరికి పంపేశారు. అంతకుముందే మన చివరి మొగలు పాదుషా బహదూర్ షాని రంగూన్‌కి పంపారు, ఆయన 1862లో అక్కడే పోయాడు. రాజుల్ని ఇలా అటూ ఇటూ మార్చిన సంగతి పెద్ద పిల్లలకి బాగా పడుతుంది.

1852 అన్న ఏడాదిని బోర్డు మీద రాసి ఉంచండి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది కూడా ఆ ఏడే. ఒకే పాలకుల చేతిలో ఒక డెల్టాకి కాలవలొచ్చాయి, ఇంకో డెల్టాలో అడవులు నరకడం మొదలైంది. 1869లో సూయజ్ కాలవ తెరుచుకున్నాక బర్మా బియ్యానికి యూరప్ దారి దగ్గరైంది. ఎగువ మెట్ట నుంచి బర్మీయ రైతులు కుటుంబాలతో దిగివచ్చి, అడవి కొట్టి, గట్లు వేసి పొలాలు చేశారు. మనవాళ్ళే బర్మా డెల్టాని సాగులోకి తెచ్చారని కొందరు గర్వంగా అంటుంటారు, అది సరికాదు. అడవి కొట్టిన చేతుల్లో ఎక్కువ భాగం బర్మీయులవే. ఎనభై ఏళ్ళలో దిగువ బర్మా వరిసాగు సుమారు పది రెట్లు పెరిగింది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ప్రపంచంలో బియ్యం ఎగుమతిలో బర్మాదే మొదటి స్థానం, ఏడాదికి సుమారు ముప్పై లక్షల టన్నులు.

ఆ బియ్యం పొలం నుంచి ఓడ ఎక్కాలంటే కోతలు, మిల్లులు, బస్తాలు, రేవు. మనవాళ్ళ చెమట కలిసింది ఇక్కడ. బీమిలి, విశాఖ, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి డెక్కు టిక్కెట్టు మీద వెళ్ళినవాళ్ళు రంగూన్ రేవులో బస్తాలు మోశారు, రైసుమిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. మేస్త్రీ ముందుగా కొంత డబ్బు ఇచ్చి తీసుకెళ్ళేవాడు, ఆ బాకీ తీరేదాకా కూలీ అతని చేతిలో ఉన్నట్టే. ఎక్కువమంది మగవాళ్ళే. రెండు మూడేళ్ళు చేసుకుని తిరిగి రావాలని వెళ్ళినవాళ్ళే. ఎందుకు వెళ్ళారంటే ఒక్క కారణం చెప్పకండి. కరువు ఉంది, భూమి లేకపోవడం ఉంది, అక్కడ ఇక్కడికంటే ఎక్కువ కూలి ఉంది, ఊళ్ళో కులం పెట్టే బాధ కూడా ఉంది. గోదావరి నోట్లో ఉన్న పాత ఓడరేవు కోరంగి 1839 తుపానులో దెబ్బతినిపోయింది. అయినా ఆ పేరు సముద్రం అవతల బతికింది. రంగూన్‌లో మన కూలీలందర్నీ ‘కోరంగీలు’ అనేవారు. మొదట అది ఊరి పేరే, పోనుపోను తక్కువ చేసి పిలిచే మాట అయింది.

1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు. అందులో తెలుగువారు సుమారు లక్షన్నర. రంగూన్ నగరం జనాభా నాలుగు లక్షలు, సగం కంటే ఎక్కువ భారతీయులే. ఈ చివరి అంకె చెప్పాక ఒక నిమిషం ఆగండి. ‘మన ముఖ్య పట్టణంలో మనకంటే వేరేవాళ్ళు ఎక్కువైతే మనకెలా ఉంటుంది?’ అని పిల్లల్ని అడగండి. బయటి దేశంలో పెరుగుతున్న మన పిల్లలకి ఈ ప్రశ్నని రెండు వైపుల నుంచీ చూడటం చేతనవును, కొన్నిసార్లు మనకంటే బాగా.

1930 మే సంగతి ఇక్కడే చెప్పాలి, చిన్న తరగతులకి కాకపోయినా పన్నెండేళ్ళు దాటినవాళ్ళకి. రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ళ బదులు బర్మీయుల్ని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తేలిపోయి మనవాళ్ళు తిరిగి రాగానే ఆ బర్మీయుల్ని పొమ్మన్నాయి. మే 26న మొదలైన కొట్లాటల్లో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. అది ప్రపంచమంతా ధరలు కూలిన కాలం. వడ్ల ధర పడిపోయి, అప్పులు తీర్చలేని రైతుల పొలాలు తమిళ చెట్టియార్ల చేతికి పోయాయి. కొన్నేళ్ళలోనే దిగువ బర్మా ముఖ్యమైన వరి జిల్లాల్లో నాలుగో వంతు భూమి వాళ్ళదైంది. బర్మా రైతు కోపం ఆకాశం నుంచి ఊడిపడలేదు. కానీ ఆ కోపం తగిలింది పొలాలు తీసుకున్నవాళ్ళ కంటే ముందు, రేవులో బస్తాలు మోసే మనవాళ్ళకి. ఇందులో ఎవరినీ దుర్మార్గులుగా నిలబెట్టకుండా చెప్పడం కష్టమే. అలాగే చెప్పాలి.

ఇప్పుడు చేట అంచుల వైపు. మనవాళ్ళ జ్ఞాపకాల్లో బర్మా అంటే రంగూన్, మౌల్మీన్, రేవులు, మిల్లులు, అంతే. కొండల మాట వినపడదు, ఎందుకంటే మనవాళ్ళు అక్కడికి పెద్దగా వెళ్ళలేదు. దేశం భూమిలో చాలా భాగం మాత్రం కొండలదే. షాన్, కచిన్, చిన్, కయా, కరెన్ జాతులవాళ్ళ భాషలు వేరు, మతాలు కొన్ని చోట్ల వేరు, వ్యవసాయం కూడా వేరు. బ్రిటిష్‌వాళ్ళు మైదానాన్ని ఒకలాగా, కొండల్ని వేరేలాగా పాలించారు. షాన్ సీమల్లో స్థానిక రాజుల్ని అలాగే ఉంచారు. 1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్ అనే ఊళ్ళో అవుంగ్ సాన్, షాన్, కచిన్, చిన్ నాయకులు కలిసి ఒకే దేశంగా ఉందామని ఒప్పందం చేసుకున్నారు. జూలై 19న అవుంగ్ సాన్‌ని చంపేశారు. 1948 జనవరి 4న స్వతంత్రం వచ్చింది, కొద్ది నెలలకే అంతర్యుద్ధం మొదలైంది. కొన్ని కొండల్లో ఇప్పటికీ ఆగలేదు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం తీసుకున్నాక మైదానాలకీ పాకింది.

ఇప్పటి పటంలో ఏడు ‘ప్రాంతాలు’, ఏడు ‘రాష్ట్రాలు’, రాజధాని నేపిడా విడిగా కనిపిస్తాయి. రెండు రకాల పేర్లెందుకని తెలివైన పిల్ల ఎవరో తప్పకుండా అడుగుతుంది. బర్మీయులు ఎక్కువగా ఉన్న చోట్లు ప్రాంతాలు: యాంగోన్, ఐరావతి, పెగూ, మగ్వే, మాండలే, సగాయింగ్, తెనాసరిమ్. వేరే జాతుల పేరు మీద ఉన్నవి రాష్ట్రాలు: కచిన్, కయా, కరెన్, చిన్, మోన్, రఖైన్, షాన్. అంటే దాదాపుగా చేట లోపలి భాగం, చేట అంచు. మోన్, రఖైన్ మాత్రం తీరాలు. రఖైన్ అంటే పాత అరకాన్. 1784లో బర్మా రాజు గెలుచుకునేదాకా అది సొంత రాజ్యం. రోహింగ్యాల పేరు పిల్లలు వార్తల్లో విని ఉంటారు. 2017లో ఏడు లక్షల పైగా జనం నాఫ్ నది దాటి బంగ్లాదేశ్ వెళ్ళిపోయింది ఇక్కడి నుంచే.

మోన్‌ల గురించి ఒక జాగ్రత్త. పాత పుస్తకాల్లో వాళ్ళని ‘తలైంగ్’ అన్నారు. ఆ మాట ‘తెలింగ’ నుంచి వచ్చిందనీ, కాబట్టి మోన్‌లు ఒకప్పుడు తెలుగువాళ్ళేననీ మన సభల్లో వినిపిస్తుంటుంది. మాట మూలం మీద పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు, మోన్‌ల భాష మన భాషా కుటుంబమే కాదు, ఆ పేరంటే వాళ్ళకి కిట్టదు. క్లాసులో దీన్ని నిజంలా చెప్పకండి. చుట్టరికం చూపించాలంటే లిపి ఉంది. బర్మా లిపి, మన లిపి రెండూ దక్షిణ భారతంలో రూపు దిద్దుకున్న బ్రాహ్మీ సంతానమే. బర్మా ‘వ’ అచ్చం మన సున్నాలా ఉంటుంది. ఒక పేజీ బర్మా రాత ముందు పెట్టి గుండ్రాలు లెక్కపెట్టమంటే పది నిమిషాలు తరగతి సందడిగా ఉంటుంది.

ఇక మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం, నడిచి ఎందుకు వచ్చారు? 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు కూలీలు, మిల్లు కూలీలు ఊరు విడిచి పారిపోయారు. జపాన్ సైన్యం చేట నోటి నుంచి రాలేదు, థాయ్‌లాండ్ వైపు నుంచి తెనాసరిమ్‌లోకి దిగింది. జనవరి 31కి మౌల్మీన్, మార్చి 8కి రంగూన్ పడిపోయాయి. ఓడ టిక్కెట్టు కొనగలిగినవాళ్ళు ముందే కొంతమంది వెళ్ళారు. రంగూన్ పోయాక చేట నోరు మూసుకుపోయినట్టే. మిగిలింది అంచు ఎక్కి దాటడం.

భౌతిక పటం మీద మూడు దారులు వేలితో గీయించండి. మొదటిది ప్రోమ్ దగ్గర ఐరావతి దాటి, అరకాన్ యోమా ఎక్కి తౌంగప్‌కి, అక్కడి నుంచి పడవల్లో చిట్టగాంగ్ వైపు. దారిలో నీళ్ళు లేవు, కలరా వచ్చింది. రెండోది మాండలే వైపు నుంచి చింద్విన్ లోయకి, కలేవా, టము మీదుగా ఇంఫాల్, తరవాత దిమాపూర్ రైలు. మూడోది అన్నిటికంటే ఘోరం, ఉత్తరాన హుకాంగ్ లోయ, పాంగ్సౌ కనుమ దాటి అస్సాంలోని లేడో. మే నెలలో వాన మొదలయ్యాక అక్కడ మోకాలి లోతు బురద, జలగలు, మలేరియా. నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఇలా నడిచి దేశం చేరారు, దారిలో చనిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. పేర్లు రాసుకున్నవాళ్ళు లేరు. ‘ముత్తాత రంగం పోయి తిరిగి రాలేదు’ అన్న ఇళ్ళలో కొన్నిటి సంగతి ఈ దారుల్లోనే ఆగి ఉంటుంది. పిల్లలు అంత దూరం వెళ్ళి ఊహించుకుంటే బెంగపడతారేమో అని భయపడే తల్లిదండ్రులు ఉంటారు. పాఠానికి ముందే వాళ్ళతో మాట్లాడి పెట్టుకోండి.

యుద్ధం అయ్యాక కొందరు తిరిగి వెళ్ళారు. 1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం తీసుకున్నాడు, తరవాత రెండేళ్ళలో దుకాణాలు, వ్యాపారాలు ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఈసారి లక్షల్లో భారతీయులు ఓడల్లోనే వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే. 1982 పౌరసత్వ చట్టం, 1823 కంటే ముందు నుంచి అక్కడ ఉన్న జాతులకే పూర్తి పౌరసత్వం అంది. మన తాతలు రేవు పనికి వెళ్ళింది ఆ తరవాత. దక్షిణ మయన్మార్‌లో మిగిలిపోయిన తెలుగు కుటుంబాలు ఆ లెక్కలోనే బతికాయి. అంటే చేట పక్క నుంచి చూస్తే మనం కూడా ‘ఎప్పుడొచ్చారు?’ అని అడగబడిన జనమే.

డెల్టా మీద ఇంకో మాట చెప్పి ఇంటి పనికి వస్తాను. 2008 మేలో నర్గీస్ తుపాను ఐరావతి డెల్టాలో సుమారు లక్షా ముప్పై ఎనిమిది వేలమందిని తీసుకుపోయింది. 1977 దివిసీమ ఉప్పెన చూసిన పెద్దలు మీ బడి కుటుంబాల్లో ఉంటే, ఆ పల్లపు నేల మీద నీళ్ళు ఎలా వస్తాయో వాళ్ళ చేతే చెప్పించండి. సముద్రం ఒకటే, నేల తీరూ ఒకటే.

పిల్లలు తెచ్చిన కబుర్లని పటం పక్కన కాగితాల మీద రాయించేటప్పుడు నాలుగు సంగతులు ఉంటే చాలు: ఏ ఊరి నుంచి, ఏ రేవులో ఎక్కారు, అక్కడ ఏం పని, ఎలా తిరిగి వచ్చారు. సంవత్సరం పెద్దవాళ్ళకి గుర్తుండదు. ‘బాంబులు పడకముందా, పడ్డాకా?’ అని అడిగితే వెంటనే చెబుతారు. కాకపోతే 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి. కాబట్టి వాళ్ళు చెబుతున్నది ఏ ఒడ్డున పడ్డ బాంబుల గురించో అడిగి తేల్చుకున్నాకే కాగితం మీద రాయించండి.